రెండు చుట్లు ఎక్కువ

జకర్యా ట్రాక్టరు ఎక్కగానే తాళం తిప్పడు. స్టీరింగు మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, లోలోపలే చిన్న ప్రార్థన చేసుకుంటాడు. ఎరిగినవాళ్ళు ఆ కాసేపూ గెట్టు మీద ఓపికగా నిలబడతారు. కొత్తవాళ్ళయితే బండికేమన్నా అయిందా అని దగ్గరికొచ్చి తొంగిచూస్తారు. నేరేడ్‌మెట్ నుంచి యాప్రాల్ దాకా, ఇళ్ళ మధ్య అక్కడొక చెక్క ఇక్కడొక చెక్కగా మిగిలిన చేలు చాలావరకు అతను దున్నేవే.

పిలిస్తే వస్తాడని, గెట్టు దాటి పక్కవాడి మట్టి లాగడని అతనికి పేరు. ఇంకో అలవాటు కూడా ఉంది, దాని సంగతి ఎక్కువమందికి తెలియదు. మగదిక్కు లేని ఆడమనిషి చేనైతే, ఒప్పుకున్న పని అయిపోయాక రెండు చుట్లు ఎక్కువ తిప్పి గానీ దిగడు. దానికి వేరే ఏమీ పుచ్చుకోడు. తిప్పానని చెప్పడు కూడా.

ఆ అలవాటు తల్లి ప్రేమమణి పెట్టింది. మెదక్ వైపు ఒక పల్లెలో ఆమెకు కాస్త మెట్ట చెలక ఉండేది. భర్త పోయాక ఎద్దులు లేవు, అరక లేదు. పక్క చేను రైతు తన దున్నకం అయ్యాక ఎద్దులను విప్పకుండా ఈమె చెలకలోకి మళ్ళించి, రెండు చుట్లు తిప్పి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయేవాడు. ఆ మనిషి పేరు ప్రేమమణి బతికున్నన్ని రోజులూ ఆదివారం ప్రార్థనలో వినబడేది. సికింద్రాబాదు వచ్చాక, కొడుకు కిస్తీల మీద ట్రాక్టరు తెచ్చిన రోజున ఆమె బంపరుకు బంతిపూల దండ కట్టి, కొడుకు తల మీద చెయ్యిపెట్టి చెప్పింది ఒక్కటే మాట. "దిక్కులేని ఆడిమనిషి చేన్ల రెండు చుట్లు ఎక్కువ తిప్పు బిడ్డా. ఆమెతోని అడిగించుకోకు."

అలా ఎక్కువ చుట్లు అందరికంటే ఎక్కువగా పడింది లచ్చమ్మ చేనులో.

లచ్చమ్మ చేను క్రైస్తవుల సమాధుల తోట గోడను ఆనుకుని ఉంటుంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క రోడ్డు. భర్త చనిపోయినప్పటి నుంచి ఆమె దాన్ని కౌలుకు చేస్తోంది. తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర, సందుల్లో కొత్తిమీర. పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, తడిగుడ్డ కప్పిన గంపతో మల్కాజ్‌గిరి కాలనీలకు పోతుంది. ఎక్కే ఆటో డ్రైవరు ఆమె దగ్గర గంపకు వేరే అడగడు. దిగేటప్పుడు ఆమె సీటు మీద ఒక కొత్తిమీర కట్ట మరచిపోయినట్టు వదిలేస్తుంది. ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

జకర్యా దున్ని వెళ్ళిన రోజున అతని ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో స్పానర్ల మధ్య చుక్కకూర ఉండేది. ఇంటికెళ్ళాక భార్య డోరా దాన్ని చూసి నవ్వేది. డోరా గుంటూరు వైపు పిల్ల, చిన్న బడిలో పంతులమ్మ. "మీ లచ్చక్క మళ్ళీ గ్రీజు రాసిన కూర పంపింది" అని కడిగి పప్పులో వేసేది.

చాలా ఏళ్ళు అలా గడిచాయి. తర్వాత చేను చెడటం మొదలయింది.

చెడటం ఒక్కసారిగా రాలేదు. ముందు పాలకూర ఆకు పలచబడింది. తర్వాత తోటకూర మోకాలెత్తు రాకముందే ముదిరిపోయింది. లచ్చమ్మ యూరియా కాస్త ఎక్కువ చల్లింది, పురుగు కనబడితే దుకాణంలో ఇచ్చిన గుళికలు వేసింది. కొన్నాళ్ళు పచ్చబడింది, మళ్ళీ అంతే. కిందటేడు వానాకాలంలో మాత్రం సంగతి బయటపడింది. వాన పడగానే పిండిలా ఉన్న మట్టి పైన అప్పడంలా పొర కట్టింది. ఆ తర్వాత పడిన నీళ్ళు లోపలికి దిగలేదు. మళ్ళన్నీ మడుగులై, వేళ్ళు కుళ్ళి, పాలకూర వాసన కొట్టింది. లచ్చమ్మ ఖాళీ గంపతో చాలా రోజులు ఇంట్లో కూర్చుంది.

చేను గలాయన నరసరాజు మల్కాజ్‌గిరిలో ఉంటాడు. కోపిష్టి కాదు, మాట తప్పే మనిషీ కాదు. వచ్చి, చెప్పులు విడిచి, నీళ్ళలో కాసేపు నడిచి చూశాడు. బడి బస్సులు తిప్పే అతను ఒకడు బండ్లు నిలుపుకోడానికి ఈ జాగా అడుగుతున్నాడని, తను ఇంకా మాట ఇవ్వలేదని, వచ్చే వానాకాలం కూడా చేను ఇలాగే ఉంటే మాత్రం ఇచ్చేస్తానని మెల్లగా చెప్పాడు. "నీ మీద నాకేం కోపం లేదు లచ్చమ్మా. పంట రాని చేను నీకూ బరువే కదా" అన్నాడు. లచ్చమ్మ తల ఊపింది. ఇంకో చేను ఎక్కడ దొరుకుతుంది? చుట్టూ అన్నీ అపార్టుమెంట్లే. గంప దింపితే ఆమెకు చేతనైన పని మరొకటి లేదు.

ఈ మాట విన్న జకర్యాకు మనసు ఆగలేదు. తనకు తెలిసిన సాయం చేశాడు. వానలు వెలిసి పదును రాగానే బండి తెచ్చి, వెనక గిరగిరా తిరిగే రెక్కల రోటవేటర్ దించి, మామూలు రెండు చుట్ల మీద ఇంకో రెండు తిప్పాడు. "నేలను పిండి చేసి పెట్టిన అక్కా. ఇగ చూడు, విత్తనం ఎట్ల మొలుస్తదో" అన్నాడు. లచ్చమ్మ ఆ మట్టిని గుప్పిట పట్టి చూసింది. వేళ్ళ సందుల్లోంచి బూడిదలా రాలిపోయింది.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు సంఘంలోని కుటుంబాలన్నీ తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతాయి. ముందే గడ్డి పీకి, సున్నం వేసి, సాయంత్రం పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాస్టరు దేవానందం గారు వరుస వరుసకూ నడుస్తూ, ఎవరూ రాని సమాధుల దగ్గర తన జేబులోంచి తీసి ఒక్కో కొవ్వొత్తి పెడుతున్నారు. జకర్యా, డోరా ప్రేమమణి సమాధి కడిగారు. తల వైపు నందివర్ధనం మొక్క నాటాలని జకర్యా పలుగు తెచ్చాడు. గట్టిగా ఎత్తి వేస్తే పలుగు మూరెడు లోతు దిగిపోయింది. అంత బలం పెట్టాల్సిన నేల కాదది.

మట్టి పెళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. నల్లగా, సజ్జ రొట్టె విరిచినట్టు విరిగింది. లోపల సన్నటి సొరంగాలు. రెండు వానపాములు వెలుతురు చూసి మెల్లగా లోపలికి జారుకున్నాయి. ఇంకో పెళ్ళ విరిస్తే ఇంకొన్ని. గోడ వారగా ఊడ్చి పోసిన ఆకుల కింద అయితే అవి పైకి నెట్టిన మట్టి ఉండలు చిన్న చిన్న కుప్పలుగా ఉన్నాయి. తల్లి తల దగ్గర నేల ఇంత మెత్తగా ఉన్నందుకు అతనికి సంతోషమే అయింది. మొక్క నాటి, నీళ్ళు పోశాడు. పోసిన నీళ్ళు నిలవలేదు. నేల గుటకేసినట్టు దిగిపోయాయి.

అప్పుడు తలెత్తి గోడ మీదుగా చూశాడు. అవతల లచ్చమ్మ చేను తెల్లగా పాలిపోయి ఉంది.

పలుగు పట్టుకుని గోడ దాటాడు. పైన జానెడు దుబ్బ, దాని కింద పలుగు రాయికి తగిలినట్టు ఖంగుమంది. రోటవేటర్ రెక్కలు దిగినంత లోతే మెత్తన, ఆ కింద గట్టి పొర. ఇంకోచోట తవ్వాడు, మరోచోట తవ్వాడు. ఒక్క వానపాము లేదు. మట్టి ఒకటే మట్టి, పడే వాన ఒకటే వాన, మధ్యలో ఉన్నదల్లా ఒక గోడ.

డోరా కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. పండుగ పూట ఏం తవ్వుతున్నారని అడిగింది. అతను చెప్పాడు. అక్కడ ఇన్ని ఉన్నాయి, ఇక్కడ ఒకటీ లేదు, ఎందుకో అర్థం కావడం లేదన్నాడు. డోరా పెద్దగా ఆలోచించలేదు.

"అక్కడికి మీ బండి రాదు కదండీ" అంది.

జకర్యా పలుగును నేలకు ఆనించి అలాగే నిలబడ్డాడు.

కొంగలు గుర్తొచ్చాయి. పాత కల్టివేటరుతో దున్నే రోజుల్లో కొంగలు బండి వెనకే వచ్చి, చాలులో పైకి తేలిన పురుగుల్ని ఏరుకునేవి. రోటవేటర్ కొన్న మొదటి ఏడు మరీ గుంపులుగా దిగాయి. అదేదో శుభం అనుకుని మురిశాడు. సాయంత్రం రెక్కలు కడిగేటప్పుడు వానపాముల ముక్కలు మట్టితో పాటు రాలేవి. రానురాను కొంగలు తగ్గాయి. ఈమధ్య ఒక్కటీ రావడం లేదు. ఊరు పెరిగింది, పిట్టలు దూరం పోయాయి అని అందరితో చెప్పేవాడు. కానీ రామకృష్ణాపురం చెరువు ఒడ్డున అవి ఇప్పటికీ తెల్లగా బారు తీరి నిలబడుతున్నాయి. రోజూ ఆ దారినే పోతూ కూడా అతనికి తట్టలేదు. ఇక్కడ తినడానికేమీ లేక రావడం లేదు అవి.

ఎద్దుల నాగలి చాలు చీల్చి పక్కకు తప్పుకునేది. వానపాముకు అటో ఇటో పోయే సందు ఉండేది. రోటవేటర్ అలా కాదు, ఉన్నదంతా తిప్పి తరుగుతుంది. అందులో రెండు చుట్లు ఎక్కువ. అడగకుండా, చెప్పకుండా, పంటకీ పంటకీ మధ్య, ఇన్నేళ్ళూ. మిగతా చేలు ఎందుకు కాస్త నయంగా ఉన్నాయో, లచ్చమ్మదే ఎందుకు ముందు చెడిందో అతనికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. మోకాళ్ళ మీదికి వంగాడు. తల్లి సమాధికి ఇవతల, ఆ దుబ్బలోనే, ప్రార్థన చేసుకున్నాడు.

మర్నాడు లచ్చమ్మ గంప దింపుకుని చెట్టు నీడన కూర్చున్నప్పుడు పోయి సంగతంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విని నవ్వింది.

"ఎరలు లేకుంటే ఏందీ తమ్మీ? నేనేం గాలం ఏసి చేపలు పడుతున్ననా?"

జకర్యా నవ్వలేదు. వాన నీళ్ళు దిగే దారులు అవి చేసేవేనని, ఎండాకును లోపలికి లాక్కుపోయి మట్టి చేసి ఇచ్చేదీ అవేనని, వాటిని తను తరిగేశానని చెప్పాడు. తల్లి చెప్పిన మాట, రెండు చుట్ల సంగతి కూడా చెప్పాడు. ఆ మాట నోటితో చెప్పడం అతనికి అదే మొదటిసారి.

లచ్చమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ముచ్చట నాకు తెల్వదనుకున్నవా? ఇంజను సప్పుడు ఎప్పుడు ఆగాల్నో నాకు తెల్సు. ఎప్పుడు ఆగుతున్నదో సుత తెల్సు. చుక్కకూర ఊకెనే పెట్టిన్నా నీ పెట్టెల?"

ఇక మీదట ఈ చేనులో రోటవేటర్ దించనని జకర్యా అన్నాడు. గుళికలు మానాలని, కలుపు పీకి అక్కడే పరవాలని, బర్రెల తబేలాలో పాత పెంట తెచ్చి వేద్దామని, సమాధుల తోటలో ఆకులు బోలెడు ఉన్నాయి, కాపలాదారు ఊడ్చి కాలబెడుతున్నాడు, అవి తెచ్చి కప్పుదామని వరసగా చెప్పాడు. ఆకుల మాట దగ్గర లచ్చమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బొందలగడ్డ ఆకులు నా కూర మీద ఎయ్యొద్దు. మల్కాజ్‌గిరిల తెలిస్తే గంప ఎవ్వరు దించుకుంటరు? మీకేమో పండుగ చేసుకునే జాగ, మాకు స్నానం చేసి ఇంట్లకు వచ్చే జాగ. తప్పు పట్టకు."

జకర్యా తప్పు పట్టలేదు. దున్నకం మానే సంగతికి కూడా ఆమె వెంటనే ఒప్పుకోలేదు. దున్నని చేను చూస్తే రోడ్డున పోయేవాళ్ళు లచ్చమ్మకు చేతగాక వదిలేసిందనుకుంటారు, నరసరాజు సారు చెవిన పడితే వానల దాకా కూడా ఆగడు అంది. చాలాసేపు బేరం లాగా సాగి, చివరికి ఆమే తెంచింది. గోడ వైపు సగం జకర్యా చెప్పినట్టు. రోడ్డు వైపు సగం ఎప్పట్లా దున్ని, ఎప్పట్లా మందు వేసి. "సగం నీ దేవునికి, సగం నా దేవునికి. ఎవరు కూర పండిస్తరో చూస్త" అంది.

రోడ్డు సగం దున్నడానికి జకర్యా బండి తెచ్చాడు. ఒప్పుకున్నంత దున్ని దిగిపోయాడు. లచ్చమ్మ గెట్టు మీద చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఏం తమ్మీ, నా రెండు చుట్లు ఈసారి మింగినవా?"

"గోడ దిక్కు జమ చేసుకో అక్కా."

ఆ రోజు కూడా పెట్టెలో చుక్కకూర ఉంది.

చలికాలం అంతా గోడ సగమే తక్కువగా పండింది. చిన్న పారతో గీత గీసి విత్తనం వేస్తే మొలక పలచగా వచ్చింది. గడ్డి మాత్రం ఒత్తుగా వచ్చింది. పీకి పీకి లచ్చమ్మ నడుము పట్టుకుంది. జకర్యా బండి పని అయ్యాక సాయంత్రాలు వచ్చి ఆమె పక్క చాలులో కూర్చుని కలుపు తీసేవాడు. శనివారం బడి అయ్యాక డోరా కూడా చీర కొంగు దోపుకుని వచ్చేది. కూర కోసేటప్పుడు మొక్కను పీకకుండా మొదలు దగ్గర కోసి, వేరును మట్టిలోనే వదిలేసేవారు. వాడిన ఆకు, తెగిన కాడ, పీకిన గడ్డి, అన్నీ అక్కడికక్కడే కప్పేవారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, చేనులో చెత్త ఏంటని అడిగేవారు. లచ్చమ్మ ఆ తిట్టు తను పడకుండా జకర్యాను చూపించేది.

ఎండాకాలంలో ఒకసారి ఆమెకు విసుగొచ్చింది. రోడ్డు సగంలో కోసినంత గోడ సగంలో రావడం లేదు, వానలు దగ్గరపడుతున్నాయి, ఉన్న చేను పోగొట్టుకోడానికి నీ మాట విన్నానా అంది. నాకు కూడా భయంగానే ఉంది అక్కా అన్నాడు జకర్యా. ఆ మాటకు ఆమె కోపం సగానికి తగ్గింది. తన సద్దిలోంచి ఉల్లిగడ్డ ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

జూన్‌లో రెండు వానలు పడ్డాక ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. పండలేదనో, మునిగిందనో చెబుతుందేమో అని జకర్యా భయపడుతూ ఎత్తాడు.

"నీ ఎరలొచ్చినయ్" అని పెట్టేసింది.

అతను వెళ్ళేసరికి లచ్చమ్మ గోడ వారన గొంతుక్కూర్చుని ఉంది. పెంట మీద కప్పిన పాత గోనెసంచి ఎత్తి చూపించింది. కింద తడి మట్టిలో వానపాములు, చుట్టూ చిన్న చిన్న మట్టి ఉండలు. ఆ ఉండలు గోడ మొదట్లో దట్టంగా, ఇటు వచ్చేకొద్దీ పలచగా, మళ్ళ మధ్య దాకా ఉన్నాయి. నల్లగా ఉన్న ఒక ఉండను ఆమె వేళ్ళతో నలిపి వాసన చూసింది.

"గోడ కిందికెల్లే వచ్చినయ్" అంది. "బొందలగడ్డయే."

ఆమెకు పట్టింపు ఉందేమో అని జకర్యా ఆమె ముఖంలోకి చూశాడు. లచ్చమ్మ సంచిని మళ్ళీ జాగ్రత్తగా కప్పింది. "నేను పిలువలే. వాటంతట అవే వచ్చినయ్. ఇంటికొచ్చినోళ్ళను ఎట్ల పొమ్మంటం?" అని లేచింది.

జూలైలో సికింద్రాబాదు వైపు రోడ్లన్నీ మునిగేంత వాన పడింది. వెలిసిన మర్నాడే నరసరాజు వచ్చాడు. జకర్యాను రమ్మని లచ్చమ్మ ముందే కబురు పెట్టింది. ముగ్గురూ రోడ్డు మీద నిలబడ్డారు. ముందు కనబడేది రోడ్డు సగమే. అక్కడ నీళ్ళు చాయ్ రంగులో నిలిచి ఉన్నాయి. తోటకూర తలలు మాత్రం పైకి తేలి ఉన్నాయి.

నరసరాజు నిట్టూర్చాడు. ముందు వానలకే రోడ్డు పక్కన నీళ్ళు నిలవడం చూసి బస్సుల అతనికి పోయిన వారమే మాట ఇచ్చేశానని, ఈ వాన చూశాక ఇక లచ్చమ్మ కూడా ఏమీ అనుకోదని అనుకున్నానని చెప్పాడు. లచ్చమ్మ చీర కాస్త ఎత్తిపట్టి నీళ్ళలో దిగి గోడ వైపు నడిచింది. ఎందుకు పోతోందో తెలియక నరసరాజు కూడా ప్యాంటు మడుచుకుని వెనకాల నడిచాడు.

సగం దాటాక అతని అడుగుల చప్పుడు మారింది. నీళ్ళు అయిపోయాయి. నేల తడిగా ఉంది, కానీ పాదం దిగబడలేదు. గోంగూర ఎర్రటి కాడల మీద నిటారుగా ఉంది. పాలకూర ఆకు మీద వాన చుక్కలు ఇంకా ఆరలేదు. అతను వెనక్కి తిరిగి నీళ్ళను చూశాడు, మళ్ళీ ముందున్న కూరను చూశాడు. ఇటు ఎత్తుగా ఉందా అని అడిగాడు. కాదు, రెండూ ఒకే మట్టం అని లచ్చమ్మ చెప్పింది. మరి ఏం చేశారని అడిగాడు.

లచ్చమ్మ జకర్యా వైపు చూసింది.

"రోడ్డు దిక్కు సగం నేను దున్నింది సారూ" అన్నాడు జకర్యా. "ఇది నేను దున్ననిది."

నరసరాజు అతని ముఖంలోకి చూశాడు. దున్నడమే బతుకైన మనిషి చెప్పిన మాట కాబట్టి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. లచ్చమ్మ వంగి పాలకూర కోసి, కాడలకు అంటిన మట్టిని నీళ్ళలో జాడించి, అరటి నారతో కట్ట కట్టి అతని చేతికిచ్చింది. చేను ఉన్నా పోయినా, చేను చూడటానికి వచ్చినాయనను ఆమె ఏనాడూ ఉత్త చేతులతో పంపలేదు.

నరసరాజు కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనన్నాడు. తర్వాత గోడ వైపు చూసి, అక్కడ ఇరుకైపోయిన జాగాను చూసి, "ఇక్కడిదాకా బస్సు ఎలాగూ తిరగదు. వాళ్ళకు కావాల్సింది రోడ్డు పక్కది. ఈ సగం నువ్వే ఉంచుకో లచ్చమ్మా. నేనున్నన్నాళ్ళూ నిన్ను అడగను. నా తర్వాతి మాట నేను చెప్పలేను" అన్నాడు.

లచ్చమ్మకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. పోయిన సగం చిన్నది కాదు. మిగిలిన సగం గంప నింపుతుంది. చేతులు జోడించింది.

నీళ్ళు ఎండాక రోడ్డు సగం చదును చెయ్యడానికి బస్సుల అతను జకర్యానే పిలిచాడు. జకర్యాకు మనసు ఒప్పక, వేరేవాళ్ళను చూసుకోమందామా అని లచ్చమ్మను అడిగాడు. ఆమె వద్దంది. "నువ్వే చెయ్యి. వేరేటోడైతే గెట్టు దాటుతడు."

జకర్యా ఆ పొద్దున స్టీరింగు మీద అరచేయి ఆనించి మామూలు కంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు. బస్సుల అతను బండికేమైందని దగ్గరికి వచ్చాడు. జకర్యా తాళం తిప్పి, వెనక బ్లేడు దించి, గెట్టు గుర్తుకు లచ్చమ్మ పాతిన కర్రల దగ్గర ఆగుతూ, వెనక్కి మళ్ళుతూ చదును చేశాడు. ఒప్పుకున్నంతే చేసి ఇంజను ఆపాడు. ఒక్క చుట్టు కూడా ఎక్కువ తిప్పలేదు.

దిగి చూస్తే పెట్టెలో గోంగూర ఉంది. లచ్చమ్మ గెట్టు మీద కూర్చుని ఉంది. ఏదో అడగాలని వచ్చి అడగలేక కూర్చున్నట్టు గడ్డిపోచ తెంపుతోంది.

"తమ్మీ, ఆ కాపలాయనకు జెర చెప్పు, ఆకులు కాలవెట్టొద్దని" అంది కడకు. "ఒక సంచి తెచ్చియ్యి. మీ అమ్మ దిక్కుయి సుత ఊడ్చి తే."

మల్కాజ్‌గిరి వాళ్ళు ఏమనుకుంటారో అని జకర్యా గుర్తు చేయబోయాడు. ఆమె అననివ్వలేదు. వాళ్ళకు కావాల్సింది కూర, మీ అమ్మను వాళ్ళెరగరు, నేనెరుగుదును అంది. ప్రేమమణిని ఆమె ఎన్నడూ చూడలేదు. రెండు చుట్లలోనే ఎరుగును.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక జకర్యా, డోరా సమాధుల తోట ఊడ్చారు. కాపలాదారు సంచుల మూతులు పట్టుకున్నాడు. అవతల లచ్చమ్మ రెండు చేతులూ పైకి చాచి నిలబడింది.

ఆమె అడిగింది ఒక్క సంచి. జకర్యా గోడ మీదుగా మూడు దించాడు.